ఖాళీ సమయంలో ఏం చేస్తావు?

“ఏమీ చెయ్యను మేడం.”

ఏటా ఈ రోజుల్లో వినే మాటే ఇది. పన్నెండో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, యూనివర్సిటీ అప్లికేషన్లు నింపించే పని నాది. నేను చెప్పే పాఠం జీవశాస్త్రం. ఈ కెరీర్ గైడెన్స్ అనేది అదనం. “మీకు ఓపిక ఎక్కువ మేడం, పిల్లలు మీ దగ్గరైతే మనసు విప్పుతారు” అని ప్రిన్సిపల్ గారు నాకు అంటగట్టారు. లెక్కల సారుకు ఓపిక తక్కువట, అందుకని ఆయన బెల్లు కొట్టగానే ఇంటికి వెళ్లిపోతారు. ల్యాబ్ పక్కన పగిలిన గాజుసామాను పడేసే గదిని ఖాళీ చేయించి, ఒక పాత కంప్యూటరూ రెండు కుర్చీలూ వేసి, తలుపుకి ఒక బోర్డు తగిలించారు. ఓపికకు దక్కిన బహుమతి అది.

అప్లికేషన్లో మార్కులూ చిరునామాలూ అయిపోయాక ఒక పెద్ద గడి ఉంటుంది. చదువు కాక మిగిలిన సమయంలో ఏం చేస్తావు, దాని నుంచి ఏం నేర్చుకున్నావు, రాయమంటారు. ఇప్పుడు మార్కులు అందరికీ వస్తున్నాయి కాబట్టి పెద్ద యూనివర్సిటీలవాళ్లు ఈ గడినే పట్టి పట్టి చూస్తారు. మగపిల్లలు దీన్ని నింపడానికి నా అవసరమే ఉండదు. గిటారు కొన్నవాడు సంగీతం అని రాస్తాడు. వారం రోజులు క్లాస్ లీడరుగా ఉన్నవాడు నాయకత్వం అని రాస్తాడు. ఆడపిల్లల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా తల ప్రాణం తోకకొస్తుంది. ఏమీ చెయ్యను మేడం, ఇంట్లోనే ఉంటాను మేడం. అప్పుడు నేను పొద్దున్నుంచి మొదలుపెడతాను. ఎన్నింటికి లేస్తావు? లేచి ఏం చేస్తావు? తమ్ముడికి బట్టలెవరు తీసిస్తారు? అలా అడుగుతూ పోతే సాయంత్రానికి చేరేలోపు ఆ పిల్ల ఒక ఇంటిని నెత్తిన మోస్తోందని బయటపడుతుంది. “అది పనే కదా, రాయి” అంటే నవ్వుతారు. ఇంటి పని కూడా పనేనా మేడం అన్నట్టు నన్నే జాలిగా చూస్తారు.

ఈసారి ఆ మాట అన్న పిల్లను క్లాసులో అందరూ పిచ్చుక అంటారు. అంత సన్నగా, అంత మెల్లగా ఉంటుంది. ఫిజియోథెరపీ చదవాలని కోరిక. పొద్దున్నుంచి మొదలుపెట్టి అడిగితే, తుంటి విరిగి మంచానపడ్డ నానమ్మ దగ్గరికి వచ్చి ఆగింది. తల్లీ తండ్రీ ఫర్నిచర్ షాపులో ఉంటారు, ఇంట్లో నానమ్మను చూసేది తనే.

“పక్కకి తిప్పినప్పుడు దిండు ఎక్కడ పెడతావు?” అన్నాను, ఊరికే.

“వీపు వెనక ఒకటి, మోకాళ్ల మధ్య ఒకటి మేడం. చిన్నది మడమ కింద. లేకపోతే అక్కడ కూడా ఎర్రబడుతుంది.”

ఈ పిల్ల మా కులస్థురాలే అనుకున్నాను. మంచం దగ్గర నిలబడ్డ ఆడవాళ్ల కులం. మా అత్తయ్య పక్షవాతంతో పడిపోయిన దగ్గర్నుంచీ నా పొద్దూ నా సాయంత్రమూ ఆ దిండ్లతోనే గడుస్తున్నాయి. ఆ మధ్యాహ్నం మేమిద్దరం అప్లికేషన్ పక్కనపెట్టి పుండ్ల గురించీ పౌడర్ల గురించీ అరగంట మాట్లాడుకున్నాం. ఎవరైనా వింటే ముక్కున వేలేసుకునేవారు. ఆ తర్వాత పిచ్చుక తన గడిని తనే నింపింది. నేను అక్షరం దిద్దలేదు. “నానమ్మకు ఎక్కడ నొప్పిగా ఉందో ఆమె చెప్పకముందే నా చేతులకు తెలిసిపోతుంది, ఎందుకు తెలుస్తుందో చదువుకుని తెలుసుకోవాలని ఉంది” అని రాసుకుంది. ఇన్నేళ్లలో ఆ గడిలో అంతకన్నా మంచి మాట నేను చూడలేదు.

ఆ రాసింది ఇంట్లో చూశాడట, రెండు రోజులకి ఆమె తండ్రి ప్రిన్సిపల్ గదిలో ఉన్నాడు. నన్ను పిలిపించారు.

“మా అమ్మ మలమూత్రాలు మా పిల్ల ఎత్తుతోందని ఊరంతా చాటుతారా మేడం?” అన్నాడాయన. గొంతు పెంచలేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. “మాకు పనిమనుషుల్ని పెట్టుకునే స్తోమత లేదనుకోవాలా అందరూ? రేపు దానికో సంబంధం వస్తే వాళ్లేమనుకుంటారు?”

“అది సిగ్గుపడే విషయం కాదండీ” అన్నాను.

“మీ ఇంట్లో విషయమైతే మీరు రాసుకోండి.”

ప్రిన్సిపల్ గారు ఆయనకు టీ తెప్పించారు. నా వైపు తిరిగి, తల్లిదండ్రుల మనోభావాలు కూడా చూసుకోవాలి కదా మేడం అన్నారు. పిచ్చుక మళ్లీ నా గదిలోకి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, రాసిందంతా చెరిపేసింది. దాని బదులు “బొమ్మలు గీస్తాను” అని రాసింది. ఆ పిల్ల ఏనాడూ బొమ్మ గీసి ఎరగదు. నేను చూస్తూ కూర్చున్నాను. ఒళ్లు మండిపోతున్నా ఏమీ చెయ్యలేకపోవడం నాకు కొత్త కాదు గానీ, ఆ రోజెందుకో మంట చల్లారలేదు.

ఆ మంటతోనే ఇంటికి వచ్చి, భోజనాల దగ్గర కక్కేశాను. పిల్ల ఎవరో చెప్పలేదు, జరిగింది మాత్రం చెప్పాను. మా ఆయన కంచంలోంచి తల ఎత్తకుండానే, “నీకెందుకు ఊళ్లోవాళ్ల గొడవ? ముందు మనవాడి అప్లికేషన్ సంగతి చూడు. కాగితాలు నింపడమేగా నీ పని, ఆ నింపేదేదో ఇంట్లోవాడికి గట్టిగా నింపు” అన్నారు. మా అబ్బాయిది మా స్కూలే, అదే క్లాసు. డాక్టరు కావాలి. వాడు కావాలనుకున్నాడో, ఆయన అనుకుంటే వాడు ఊఁ అన్నాడో నాకు ఇప్పటికీ తెలీదు. వాడు ఫోన్ పక్కనపెట్టి నా వైపు చూశాడు. వాడు నా మాట చెవిన వేసుకోవడమే అరుదు.

“అంటే అమ్మా, ఇంట్లో మంచాన ఉన్నవాళ్లని చూసుకోవడం రాస్తే నిజంగా వెయిటేజీ ఇస్తారా?”

“ఎందుకివ్వరు? మెడిసిన్‌కైతే మరీను.”

వాడు మళ్లీ ఫోన్ తీసుకున్నాడు. నేను లేచి అత్తయ్య గదిలోకి వెళ్లాను. ఆవిడకి మందులేసే వేళ అయింది.

మర్నాడు సాయంత్రం నేను అత్తయ్య దుప్పట్లు బాల్చీలో నానబెడుతుంటే వాడు వచ్చి స్నానాలగది గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నాడు. “అమ్మా, నానమ్మకి రోజూ నువ్వేం చేస్తావు? మొదట్నుంచీ చెప్పు” అన్నాడు. ఫోన్లో రికార్డింగ్ పెట్టి గట్టు మీద ఉంచాడు. బడిలో ఏదో ప్రాజెక్టు అనుకున్నాను. ఏం చెప్పమంటారు, నా మనసు ఒక్కసారిగా పొంగిపోయింది. ఈ ఇంట్లో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. దుప్పటి పిండుతూ పిండుతూ అంతా చెప్పాను. పొద్దున్నే షుగరు చూడటం, ఇన్సులిన్ పొడిచే చోటు రోజూ మార్చడం, ముద్ద గొంతుకి అడ్డం పడకుండా గడ్డం ఎంత దించాలో, ఒళ్లు తుడిచేటప్పుడు ఆవిడ సిగ్గుపడకుండా ముందు కిటికీ తెర వేసి, వాతావరణం గురించి మాట్లాడుతూ తుడవడం. నడుం కింద పుండు మానడానికి పడుతున్న కాలం. రాత్రి మధ్యలో లేచి పక్క మార్చడం. ఆవిడ చిరాకుపడి చెయ్యి గిల్లితే ఆ గిల్లుడు ఏ కోపానిదో, ఏ భయానిదో ఎలా తెలుస్తుందో.

“వాసన అలవాటవుతుందా?” అడిగాడు.

“అవదు. అవలేదని ముఖంలో కనపడకూడదు, అంతే.”

“ఇది బావుంది” అన్నాడు. నా కొడుకు పెద్దవాడవుతున్నాడు, నన్ను చూస్తున్నాడు అనుకున్నాను. ఆ రాత్రి నడుం నొప్పి కూడా తెలియలేదు. అంత సంబరపడ్డందుకు తర్వాత నన్ను నేను తిట్టుకున్నాను.

ఆదివారం పొద్దున అత్తయ్య ఒళ్లు తుడుస్తున్నాను. తలుపు బయట నిలబడి, “నానమ్మా, నీ గురించి రాశాను, విను” అని వాడు చదవడం మొదలుపెట్టాడు. “మా నానమ్మ మంచాన పడినప్పటి నుంచి ఆమెకు నేనే చేతులూ కాళ్లూ అయ్యాను. రాత్రి మధ్యలో లేచి ఆమెను పక్కకి తిప్పుతాను. ఆమె సిగ్గుపడకుండా ముందుగా కిటికీ తెర వేస్తాను. వాసన అలవాటు కాదు, అలవాటు కాలేదని ముఖంలో కనపడకూడదు, అంతే.” నా చేతిలో తడిగుడ్డ అలాగే ఆగిపోయింది. ఆ మాటల్లో ఒక్కటి కూడా వాడిది కాదు. ‘అంతే’ అనడం కూడా నాదే.

అత్తయ్యకు కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. ఒంకర తిరిగిన నోటితోనే, “నా తండ్రే, నన్నెంత బాగా చూసుకుంటున్నావురా, నీ చేతి చలవే నేనింకా బతికున్నానంటే” అంది. నేను అప్పుడు ఆవిడ తొడ కింద తుడుస్తున్నాను. “నీళ్లు చల్లారిపోయాయి, చూసుకోవేం?” అంది నాతో.

వంటగదిలో మా ఆయన్ని పట్టుకున్నాను. వాడు రాసింది అబద్ధం అన్నాను. ఆయన నవ్వారు.

“అబద్ధం ఏముంది? మా అమ్మ మంచంలో ఉందా లేదా? ఆవిడకి ఇవన్నీ జరుగుతున్నాయా లేదా? ఇంట్లో ఎవరు చేస్తే ఏంటి?”

“చేసేది నేనండీ.”

“కాదన్నానా? నువ్వు చేశావని చెప్పుకుంటే నీకేమొస్తుంది చెప్పు? నీకెవరైనా సీటిస్తారా, మెడలిస్తారా? నీ దగ్గరుంటే అది వృథా. వాడికైతే పనికొస్తుంది. తల్లివి, పిల్లాడికి ఆ మాత్రం ఇవ్వలేవా?”

నా నగో నా జీతమో అడిగితే ఇచ్చిన రోజులున్నాయి, ఇచ్చానని నాకు తెలిసేది. నా పనిని అడక్కుండా నా మీద నుంచి ఊడదీసి ఇంకొకరికి తొడగొచ్చని మాత్రం నాకు తట్టలేదు. పైగా నేనే ఆ పిల్లాడికి కొలతలిచ్చాను, నవ్వుతూ, దుప్పట్లు పిండుతూ.

వాడి గదికి వెళ్లి, “సరే నాన్నా, రాశావు కదా. ఇవాళ్టి నుంచి చెయ్యి. అప్పుడది నిజమవుతుంది, నేనూ సంతోషిస్తాను” అన్నాను. మనసారా అన్నాను. పరీక్షలున్నాయిగా అమ్మా అని గొణిగి, చివరికి వచ్చాడు. దుప్పటి తీశాడు. ముక్కు మూసుకోలేదు పాపం, ఊపిరి బిగబట్టాడు. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక నానమ్మ భుజం పట్టుకుని లాగబోతే ఆవిడ కెవ్వుమంది. “వద్దు నాయనా, నువ్వు ముట్టుకోకు. నీకేం ఖర్మరా ఈ పని. మీ అమ్మ ఉందిగా” అంది. వాడు బతుకు జీవుడా అని నా వైపు చూశాడు. చేస్తానన్నా వాళ్లే వద్దంటున్నారు చూశావా అన్నట్టు. తర్వాత చాలాసేపు పెరటి కుళాయి దగ్గర చేతులు కడుక్కున్న చప్పుడు వినిపించింది.

అప్లికేషన్ల ఆఖరు రోజు. పొద్దున అసెంబ్లీలో ప్రిన్సిపల్ గారు మైకు ముందు నిలబడి, ఆ గడి ఎలా నింపాలో మీకొక ఉదాహరణ చదువుతాను, మన గైడెన్స్ మేడం గారి అబ్బాయి రాసింది, చదువుతుంటే నాకు కళ్లు చెమర్చాయి అన్నారు. వాడు ఆయనకి ఎప్పుడు చూపించాడో నాకు తెలీదు. ఆయన మొత్తం చదివారు. కిటికీ తెర మాట వచ్చినప్పుడు కొందరు ఆడపిల్లలు కళ్లు తుడుచుకున్నారు. మగపిల్లవాడై ఉండి ఇంత సేవా అని పక్కనున్న తెలుగు టీచరు నా చెయ్యి నొక్కింది. ఎంత బాగా పెంచారు మేడం అంది. చప్పట్లు చాలాసేపు కొట్టారు. మా అబ్బాయి తల దించుకుని నిలబడ్డాడు. వినయం అనుకున్నారు అందరూ.

మధ్యాహ్నం పిచ్చుక నా గది తలుపు దగ్గరికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

“మేడం, మగపిల్లలైతే రాయొచ్చా?”

నిష్ఠూరంగా అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పి ఉండేదాన్ని. ఆ పిల్ల నిజంగా నియమం తెలుసుకుందామనే అడిగింది, పాఠంలో అర్థంకానిది అడిగినట్టు. “సాయంత్రం దాకా టైముంది, నువ్వు రాసింది మళ్లీ రాయి. మీ నాన్నతో నేను మాట్లాడతాను” అన్నాను. తల అడ్డంగా ఊపింది. “వద్దు మేడం. అసలు అప్లికేషనే వద్దంటారు. బొమ్మలే ఉండనివ్వండి.” వెళ్లబోతూ ఆగి, “మీ అత్తయ్యగారి పుండు మానిందా మేడం?” అంది. నాకు ఏడుపొచ్చింది. అక్కడే, ఆ పిల్ల ముందే ఏడ్చాను.

ప్రతి అప్లికేషన్ కిందా గైడెన్స్ టీచరు ధ్రువీకరణ ఉండాలి. పిల్లలు రాసింది నిజమేనని నేను ఒప్పుకుని పంపితేనే అది వెళ్తుంది. సొంత కొడుకుది నేను చెయ్యకూడదు, వేరేవాళ్లకి అప్పగించండి అని ప్రిన్సిపల్ గారిని అడిగాను. “ఇప్పుడు వేరేవాళ్లని ఎక్కడ తెస్తాను మేడం? లెక్కల సారు వెళ్లిపోయారు. అయినా ఇక్కడ మీరు తల్లి కాదు, టీచరు. ధైర్యంగా పెట్టండి” అని నవ్వి, తాళాలగుత్తి ఊపుకుంటూ వెళ్లారు. అందరివీ పంపాక వాడిది ఒక్కటే మిగిలింది. వాణ్ని పిలిపించాను. నా ముందు కుర్చీలో, అంత మంది పిల్లలు కూర్చున్న కుర్చీలోనే, కూర్చున్నాడు.

“మార్చుకో నాన్నా. ఇంకా టైముంది. నువ్వు నిజంగా చేసేది ఏదైనా రాయి. చిన్నదైనా ఫర్వాలేదు.”

“అందరి ముందూ చదివేశాక ఎలా మారుస్తానమ్మా? నా పరువేం కాను?”

“అయితే నేను నిజం రాస్తాను.”

వాడు లేచి, కుర్చీ జరిపి, నా భుజం మీద చెయ్యి వేశాడు. ప్రేమగానే వేశాడు. అచ్చం వాళ్ల నాన్నలా నవ్వాడు.

“నువ్వు రాయవులే అమ్మా. నాకు తెలీదా నువ్వు?”

వాడు వెళ్లిన తర్వాత వరండాలో వాడి నవ్వూ స్నేహితుల నవ్వూ వినిపించాయి. నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఇంటి గురించి ఆలోచించాను. ఆయన మాట్లాడటం మానేస్తారు, ఆ విద్య ఆయనకి బాగా వచ్చు. అత్తయ్య నోరు ఊరుకోదు, కన్నకొడుకు నోట మట్టికొట్టిన ఆడది అంటుంది, అంటూనే నా చేతి ముద్ద కోసం నోరు తెరుస్తుంది. వాడు నన్ను క్షమించకపోవచ్చు. వాడు పుట్టినప్పుడు వాడి పిడికిలి విప్పి చూసి, ఈ చేతులు ఏం చేస్తాయో అని మురిసిపోయాను. వాడి మీద కోపం లేదని చెప్పను, ఉంది. భయం కూడా ఉంది. రేపు ఎవరో ముసలామె ఆసుపత్రి మంచం మీద పడుకుని ఉంటే, ఈ పిల్లవాడు తెల్లకోటు వేసుకుని ఆమె భుజం పట్టి లాగుతాడు.

ధ్రువీకరణ గడిలో ఒక ప్రశ్న ఉంటుంది. విద్యార్థి రాసిన విషయాలు నిజమని మీకు ఎలా తెలుసు? రోజంతా అందరికీ ఒకటే జవాబు కొట్టాను, విద్యార్థితో మాట్లాడి తెలుసుకున్నాను అని. వేళ్లు అలవాటుగా ఆ మాటనే మొదలుపెట్టాయి. చెరిపేశాను. ఇంకేమీ ఆలోచించకుండా ఇలా కొట్టి, పంపే బొత్తాం నొక్కాను.

“అందులో రాసిన ప్రతి పనీ జరుగుతోంది. ఎలా తెలుసంటే, అవన్నీ రోజూ చేస్తున్నది నేను, ఈ విద్యార్థి తల్లిని.”